కంప్యూటర్ నుంచి ఫోన్‌కి: దాటాల్సింది అక్షరమా, బొమ్మా?

తెలుగులో రాసేవాళ్లు చాలామంది ఇప్పుడు ఫోన్లోనే రాస్తున్నారు. చదివేవాళ్లలోనూ చాలామంది ఫోన్లోనే చదువుతున్నారు. మధ్యలో పత్రిక, పుస్తకం తయారయ్యేది మాత్రం డీటీపీ సెంటర్లో, బల్ల మీది కంప్యూటర్లో. ఈ రెంటి నడుమ మేటర్ రోజూ అటూ ఇటూ దాటుతోంది. దాటేటప్పుడు ఏం పోతోంది, పోకుండా ఏం చేయాలి అన్నదాని మీద ఇద్దరి వాదన ఇది. ఒకరు 1990ల నుంచి విజయవాడలో తెలుగు కంపోజింగ్ చేస్తున్న మనిషి. రెండోవారు ఒక చిన్న సాహిత్య పత్రిక సంపాదకురాలు, ఆయనకు అన్న కూతురు. ఇద్దరూ ఊహించిన వ్యక్తులే. వాళ్ల వాదనలు మాత్రం నిజంగా వినిపిస్తున్నవే.

సంపాదకురాలు: బాబాయ్, సంచిక మేటర్ పంపమంటే మళ్లీ పీడీఎఫ్ పంపారు. ఫోన్లో చదివేవాళ్ల కోసం విడిగా పెట్టుకోవాలి. నాకు మేటర్ కావాలి.

కంపోజర్: పీడీఎఫ్ కంటే భద్రమైనది ఏముందమ్మా? నేనిక్కడ సర్దిన పేజీ ఒత్తు చెదరకుండా, కొమ్ము విరగకుండా నీ ఫోన్లో దిగుతుంది. ఫాంటు అందులోనే ఇమిడి ఉంటుంది. ఏ కంపెనీ ఫోనైనా ఒకేలా కనబడుతుంది. అది వద్దని, చెదిరిపోయే మేటర్ అడుగుతావేం?

సంపాదకురాలు: పేజీ ఉన్నదున్నట్టు దిగడమే చిక్కు. డెమ్మీ సైజు పేజీని అరచేతి వెడల్పు తెరలో చదవాలంటే వేళ్లతో పెద్దది చేయాలి. పెద్దది చేస్తే పంక్తి తెర దాటిపోతుంది. ప్రతి పంక్తికీ కుడికి జరిపి, మళ్లీ ఎడమకు లాక్కోవాలి. ఓపిక ఉన్నవాళ్లు ఒక పేజీ చదువుతారు, కథ చివరిదాకా రారు. మా పాఠకుల్లో పెద్దవాళ్లు ఎక్కువ. వాళ్లు అక్షరం సైజు పెంచుకోవాలి, పెంచినా పంక్తి తెర లోపలే సర్దుకోవాలి. అక్షరాలుగా పంపితేనే అది కుదురుతుంది. చూపు లేని పాఠకులూ ఉన్నారు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ తెలుగును చదివి వినిపిస్తుంది. మీరు పంపిన పీడీఎఫ్‌ను వినిపించమంటే తెలుగు కాని శబ్దాలేవో పలుకుతుంది.

కంపోజర్: పీడీఎఫ్ అంటే ఫొటో కాదు కదా. అందులో అక్షరాలు ఉన్నాయి. పట్టుకుని కాపీ చేసుకో.

సంపాదకురాలు: చేసి చూశాను. నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

కంపోజర్: అవి ఎందుకొస్తాయో నాకు తెలుసు. మేం పని మొదలుపెట్టిన రోజుల్లో విండోస్‌లో తెలుగు లేదు. ఒక ఫాంటులో ఉన్న గళ్లు 256. అందులోనూ కొన్ని వాడుకోవడానికి వీల్లేనివి. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ కలుపుకుంటూ పోతే వేల రూపాలు. అంచేత ఫాంటు చేసినవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తులు విడివిడి ముక్కలు. వాటిని తెచ్చి ఇంగ్లీషు అక్షరాల గళ్లలో కూర్చోబెట్టారు. నేను కొట్టేది కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషే. దాని మీద అను ఫాంటు తొడిగితే తెలుగు. శ్రీలిపి ఫాంట్ల అమరిక వేరు, దాని లెక్క వేరు. తక్కువ చేసి చూడకమ్మా. సీసం అక్షరాలు పోయాక తెలుగు అచ్చు ఆగకుండా సాగిందంటే ఈ ఉపాయం వల్లే. పేజీలు సర్దే ప్రోగ్రాము పేజ్‌మేకర్ ముందు కూర్చుని మేం ఎన్ని పుస్తకాలు తెచ్చామో ఏలూరు రోడ్డులో ఏ పుస్తకాల షాపువాళ్లనడిగినా చెబుతారు.

సంపాదకురాలు: తక్కువ చేయను. ఆ ముప్పై ఏళ్ల తెలుగు పుస్తకానికి ఆ పద్ధతే ఆధారం. అయితే అది కాగితం కోసం పుట్టిన పద్ధతి. ఫైలు మీ గడప దాటి ఫోన్లోకి వచ్చేసరికి తొడిగిన ఫాంటు ఊడిపోతుంది, లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. అన్ని కంప్యూటర్లకూ ఫోన్లకూ ఒకటే అయిన సంకేత పద్ధతి యూనికోడ్. అందులో సంఖ్య ఇచ్చింది ముక్కకు కాదు, అక్షరానికి. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు పెట్టారు, 3072 నుంచి 3199 దాకా. క అంటే 3093. మీ కంప్యూటర్లోనూ అంతే, నా ఫోన్లోనూ అంతే. ‘క్షి’ అని రాస్తే దాటి వచ్చేవి నాలుగు సంఖ్యలు: క, పొల్లు, ష, గుడి. వాటిని కలిపి ఎలా గీయాలో చేరినచోట ఉన్న ఫాంటు చూసుకుంటుంది. ఆ సంఖ్యల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ తయారుచేశారు. అందులో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. నాలుగు లక్షల సంకేతాలున్న నవల అయినా 12 లక్షల బైట్లే. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో అంతకంటే బరువుంటుంది.

కంపోజర్: ‘చేరినచోట ఉన్న ఫాంటు చూసుకుంటుంది’ అన్నావే, నా భయమంతా అక్కడే. ఎవరు చూసుకుంటారు? 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? జ్ఞ, దానికో దీర్ఘం. ఆ ఒక్క కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో ఆ యాప్ మూతపడిపోయేది. ప్రపంచమంతా మన అక్షరాన్ని చూసి భయపడింది. నేను పంపిన పేజీ ఏనాడైనా ఎవరి ఫోన్‌నైనా ఆపిందా?

సంపాదకురాలు: ఆపలేదు. కానీ ఆ తప్పు అక్షరానిది కాదు. ఆ కూర్పులో జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని సంకేతం ఒకటి ఉంది. దాన్ని గీసే ప్రోగ్రాములో లోపం. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు. నాకు అందులో ఇంకో సంగతి కనబడుతుంది బాబాయ్. అంత పెద్ద కంపెనీ ఆ లోపాన్ని ముందే ఎందుకు పట్టుకోలేదు? తెలుగుతో చాలినంతగా పరీక్షించి ఉండరు. మనం తెలుగునంతా బొమ్మల్లో దాచి పంపుకుంటూ పోతే, ఫోన్లు చేసేవాళ్లకు మన భాష కంటపడేదెప్పుడు? నోటితో చెబితే టైపు చేసే యంత్రం, తప్పు దిద్దే యంత్రం, వెతికిపెట్టే యంత్రం అన్నీ అక్షరాలను చూసే నేర్చుకుంటాయి. అక్షరాలుగా లేని భాషను అవి నేర్చుకోలేవు.

కంపోజర్: ఆ మాట కొంత ఒప్పుకుంటాను. కానీ రోజువారీ కష్టం నాది. నువ్వు ఫోన్లో నుంచి పంపే మేటర్ సంగతి చెప్పనా? వాట్సాప్‌లో పది ముక్కలుగా వస్తుంది. పదీ కలిపి కాపీ చేస్తే ప్రతి ముక్క ముందూ తేదీ, టైము, పంపినవాళ్ల పేరు. వాటిని ఏరిపారేయాలి. కవి తన ఫోన్ తెరలో పంక్తి ఎక్కడ మడత పడిందో అక్కడల్లా ఎంటర్ కొడతాడు. నా దగ్గరికి వచ్చేసరికి పాదం ఏదో, తెర విరిచింది ఏదో తెలియదు. వచనమైతే పేరా మధ్యలో పంక్తులు తెగి ఉంటాయి. నోటితో చెప్పి టైపు చేయించినవాళ్ల మేటర్‌లో ళ బదులు ల, ణ బదులు న. అదంతా పేజ్‌మేకర్‌లో పెడితే ప్రశ్నార్థకాల వరస. దానికి యూనికోడ్‌ను పాత ఫాంటుకు మార్చే కన్వర్టర్ వాడాలి. కన్వర్టర్ తర్వాత మళ్లీ ప్రూఫు. ఇదంతా ఎవరి కూలి?

సంపాదకురాలు: కూలి మాట న్యాయమైనదే. మార్చే పనిని కంపోజింగ్‌లో కలిపేసి ఊరికే చేయించుకోవడం మా తప్పు. దానికి విడిగా లెక్క కట్టండి, ఇస్తాం. రచయితలకు చెప్పాల్సింది మేం చెబుతాం. మెసేజ్‌లుగా వద్దు, రాసింది మొత్తం ఒకే ఫైలుగా పంపమంటాం. గూగుల్ డాక్స్‌లో రాసినా, నోట్స్ యాప్‌లో రాసినా ఫైలుగా తీయవచ్చు. ఆ ఫైలును మెయిల్లో పంపినా, కేబుల్ పెట్టి ఎక్కించినా ఒకటే. కవితకైతే పాదాలు ఎక్కడ విరుగుతాయో చూపించే ఫొటో ఒకటి తోడుగా పెట్టమంటాం. అక్షరాలు ఫైలులోంచి తీసుకోండి, విరుపులు ఫొటోలో చూసుకోండి.

కంపోజర్: చూశావా, చివరికి బొమ్మ కావాల్సి వచ్చింది.

సంపాదకురాలు: సాక్షిగా బొమ్మ ఉండాలి. మూలంగా ఉండకూడదు. నా మాట అంతే. ఇక పేజ్‌మేకర్ సంగతి. దాని చివరి పెద్ద కూర్పు 7.0, వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలియదు, ఇక తెలిసేదీ లేదు. దాని బదులు ఇన్‌డిజైన్ వాడితే, 2012 నాటి సీఎస్6 నుంచి వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే యూనికోడ్ తెలుగు ఒత్తులు సరిగ్గా పడతాయి. ఫాంట్లూ కరువు లేదు. దేశికాచారి గారి పోతన ఎప్పటి నుంచో ఉంది. తర్వాత మండలి, గిడుగు, సూరన్న, రామభద్ర వచ్చాయి. అన్నీ ఉచితమే.

కంపోజర్: ఫాంట్లు ఉన్నాయి, ఒప్పుకుంటాను. అను ఫాంట్లలో ఉన్నన్ని లావులూ సన్నాలూ ఉన్నాయా? శీర్షికకు ఒకటి, లోపలికి ఒకటి, పద్యానికి ఒకటి ఏరుకునే వెసులుబాటు ఉందా? నా వేళ్లకు ముప్పై ఏళ్లుగా అలవాటైన కీబోర్డు వదిలి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోమంటే పేజీకి పట్టే టైము రెట్టింపవుతుంది. ఆ నష్టం నువ్వు లెక్కేసుకోవడం లేదు.

సంపాదకురాలు: లెక్కేసుకుంటున్నాను. మీ అలవాటు కీబోర్డు అమరికతోనే యూనికోడ్ కొట్టే సదుపాయాలు వచ్చాయి. వేళ్లు మార్చుకోనక్కర్లేదు, బయటికొచ్చే సంకేతం మారితే చాలు. శీర్షికల ఫాంట్ల విషయంలో మీదే నిజం, ఇంకా రావాలి. శీర్షిక వరకు అను వాడుకోండి. లోపలి మేటర్ యూనికోడ్‌లో ఉంటే చాలు.

కంపోజర్: సరే, దాటించామే అనుకుందాం. సరిగ్గా దాటిందో లేదో ఎలా తెలుస్తుంది? నీ ఫోన్లో చెడి కనబడితే నువ్వు నన్నంటావు, నా దగ్గర బాగానే ఉందని నేనంటాను.

సంపాదకురాలు: ఎలా చెడిందో చూస్తే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. మూడు రకాలు. అక్షరాల చోట డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే మేటర్ భద్రంగా ఉన్నట్టే, చూపించడానికి ఆ ఫోన్లో ఫాంటు లేదు. తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అలాగే ఉండేది. వేరే ఫోన్లో తెరిస్తే చక్కగా కనబడుతుంది. రెండోది, చుక్కలూ గీతలూ ఉన్న పిచ్చి అక్షరాలు. సంఖ్యలు ఉన్నాయి కానీ వాటిని చదివే పద్ధతి తప్పు. ఏ ఫాంటులో కొట్టారో, ఏ పద్ధతిలో సేవ్ చేశారో తెలిస్తే దాన్నీ వెనక్కి తేవచ్చు. మూడోదే ప్రమాదం: ప్రశ్నార్థకాలు. నోట్‌ప్యాడ్‌లో తెలుగు రాసి, సేవ్ చేసేటప్పుడు యాన్సీ అన్న ఎంపిక ఉంటే, తెలుగు పోతుందని అది హెచ్చరిస్తుంది. చూడకుండా ఓకే కొడితే ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం రాసేస్తుంది. ఫైలులో ఇక మిగిలేది ఆ గుర్తులే. ఏ కన్వర్టరూ వాటిలోంచి కథను తీయలేదు. 2019 నుంచి విండోస్ 10 నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది. మీ సెంటర్లో పాత కంప్యూటర్లు ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను, ఆ ఎంపిక ఒకసారి చూసుకోండి. అవతలివైపు తెరిచి చూసేదాకా ఇవతలి ఫైలు చెరపొద్దు.

కంపోజర్: అది మాకూ నియమమే. అచ్చు అయ్యేదాకా ఏ ఫైలూ తీసేయం. నీకు తెలియని చెడు ఇంకోటి ఉంది. పైకి అంతా బాగుంటుంది, లోపల ఒకటీ అరా చెడి ఉంటాయి. పాత ఫాంట్లలో ముక్కలు చూపుకు కనబడే వరసలో ఉంటాయి. కొన్నింట్లో క్రావడి, అంటే ర ఒత్తు, హల్లుకు ముందే కూర్చుంటుంది, ఎందుకంటే గీసేటప్పుడు ఎడమ వైపు నుంచి వస్తుంది కాబట్టి. కన్వర్టర్ అది తెలియక దాన్ని ముందు అక్షరానికి అంటిస్తే మాటే మారిపోతుంది. ఒకదానికింద ఒకటి రెండు ఒత్తులున్న మాటల్లో, సున్నా తర్వాత వచ్చే ఒత్తుల్లో తప్పులు వస్తాయి. మామూలు పాఠకుడికి అచ్చుతప్పులా కనబడుతుంది. నా కన్నుకు అది మార్పిడి తప్పు.

సంపాదకురాలు: అదీ, మీకు తెలిసినంతగా నాకు తెలియనిది. నేను చూసే మాటలు కొన్ని ఉన్నాయి. స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, ఋషి, రాష్ట్రం, అరసున్న ఉన్న పద్యం ఒకటి. ఇవి నిలబడితే తక్కినవి చాలావరకు నిలబడతాయి. ఇంకోటి, ‘సాఫ్ట్‌వేర్’. అందులో ట్‌కూ వకూ మధ్య కనబడని సంకేతం ఉంటుంది, దాని సంఖ్య 8204. పొల్లును పొల్లుగా నిలబెట్టేది అదే. దారిలో ఏదైనా యాప్ దాన్ని మింగేస్తే మాట ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. కాలేజ్‌లో, బస్‌లో, ఫేస్‌బుక్ అన్నీ అంతే. దాటాక ముందుగా నేను వెతికేవి ఈ మాటలే.

కంపోజర్: ఇవన్నీ సరే, దొంగతనం మాటేమిటి? అక్షరాలుగా వదిలితే ఎవరైనా ఎత్తుకుపోయి, పేరు కోసేసి తన పేరు పెట్టుకుంటాడు. కథలకు జరుగుతోందిది. రచయిత నన్నడుగుతాడు, నీ సెంటర్లోంచి ఎలా బయటికెళ్లిందని.

సంపాదకురాలు: ఇప్పుడు బొమ్మలోంచి తెలుగు అక్షరాలు తీసే సాధనాలు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. గూగుల్ డ్రైవ్‌లో బొమ్మ పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు బయటికొస్తుంది. దొంగకు బొమ్మ అడ్డం కాదు. అడ్డం పడేది చూపు లేని పాఠకుడికీ, వెతికే పరిశోధకుడికీ. దొంగను పట్టుకోవడానికి కూడా అక్షరాలే పనికొస్తాయి. మన మూలం అక్షరాలుగా, తేదీతో బయట ఉంటే, ఒక వాక్యం పెట్టి వెతికితే ఎవరు ముందో తేలుతుంది. బొమ్మలో ఉంటే మనదే ముందని రుజువు చేయడం కష్టం.

కంపోజర్: తేదీ అన్నావు, బాగుంది. నా చివరి అభ్యంతరం కూడా అదే. పేజీ ఒకసారి ఫిల్మ్ తీశాక, ప్లేటు వేశాక అదే ఖాయం. ఏ ప్రతి తీసినా అదే కథ. ఫోన్లోకి వెళ్లిన మేటర్ అలా కాదు. ఒకరు కామా మారుస్తారు, ఒకరు పేరా తీసేస్తారు, ఒకరు ‘దిద్ది’ పంపుతారు. రచయిత ఒప్పుకున్న పాఠం ఏదని అడిగితే ఎవరు చెబుతారు? అచ్చు పేజీకి ఉన్న ఖాయం దానికి లేదు.

సంపాదకురాలు: ఇందులో మీ మాటే పైమాట. అందుకే పీడీఎఫ్‌ను వదిలేయమనడం లేదు. సంచికకు పీడీఎఫ్ ఖాయమైన ప్రతిగా ఉండాలి. దానితోపాటు యూనికోడ్ ఫైలు ఒకటి, మొదటి పంక్తిలో రచన పేరు, రచయిత పేరు, ఆఖరి ప్రూఫు తేదీ. రెండూ ఒకే ఫోల్డర్లో. తేడా వస్తే పీడీఎఫ్ చూసి తీర్పు. చదవడానికి, వినడానికి, వెతకడానికి యూనికోడ్.

కంపోజర్: కొత్త సంచికలకు ఇది చేస్తాను. కానీ నా హార్డ్‌డిస్కుల్లో ఉన్న పాతవో? ముప్పై ఏళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు. వాటి జోలికి వెళ్లొద్దు. పుస్తకాలు అచ్చులో ఉన్నాయి, చాలు.

సంపాదకురాలు: చాలదు బాబాయ్. నేను మీతో ఇంతసేపు వాదించింది దాని కోసమే. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు పాత పుస్తకాల స్కాన్ చూసి, పేజీ పేజీ దిద్ది అక్షరాలుగా మారుస్తున్నారు. సీసం అక్షరాల నాటి పుస్తకానికి అది తప్పదు. కంప్యూటర్ మీద కొట్టిన పుస్తకానికి కూడా ఆ గతి ఎందుకు పట్టాలి? మీరు ఒకసారి కొట్టారు, ప్రూఫు మూడుసార్లు దిద్దారు. ఆ శ్రమంతా ఆ ఫైల్లో ఉంది. దాన్ని తెరవాలంటే ఆ పాత ప్రోగ్రాము కావాలి, ఆ ఫాంటు కావాలి, అది పనిచేసే విండోస్ కావాలి. వాటన్నిటికంటే ముందు, ఏ ఫైల్లో ఏ ఫాంటు ఏ కూర్పు వాడారో తెలిసిన మనిషి కావాలి. క్రావడి ఎటు తిరిగిందో చూసి చెప్పగలిగింది మీరు. మార్పిడి తప్పుకూ అచ్చుతప్పుకూ తేడా తెలిసింది మీకు. నేను ఎన్ని కన్వర్టర్లు తెచ్చినా ఆ కన్ను తేలేను. మీ తరం డీటీపీ మనుషులు కుర్చీలో ఉండగానే ఇది జరగాలి. తర్వాత ఎవరు చేసినా స్కాన్ నుంచి మొదలుపెట్టాల్సిందే.

కంపోజర్: పాత సిస్టమ్ ఒకటి ఇంకా ఆన్ అవుతోంది. కొన్ని సీడీలు తెరుచుకోవడం లేదు. హార్డ్‌డిస్కులు పర్వాలేదు. కానీ నేనొక్కణ్ణే చేయగలిగింది కాదు. నేను తీసి మార్చి ఇస్తాను. ప్రూఫు మీరు చూడాలి, పుస్తకాన్ని పక్కన పెట్టుకుని, వరసగా. రచయిత దగ్గరో, వాళ్ల వారసుల దగ్గరో అనుమతి మీరే తెచ్చుకోవాలి. నా పనికి డబ్బు కట్టాలి. ఈ మూడింట్లో ఏది తగ్గినా నేను ముట్టను.

సంపాదకురాలు: మూడూ ఒప్పుకుంటున్నాను. ప్రూఫులకు మా పాఠకుల్లోనే మనుషుల్ని పిలుస్తాను. డబ్బు చందాల్లోంచి పక్కన పెడతాం.

కంపోజర్: ఒక మాట నాది అలాగే ఉంటుంది. పద్యం, కవిత పేజీ మీదే చూడాలి. అక్షరం ఎంత, పంక్తి ఎంత, చుట్టూ తెలుపెంత అన్నది కూడా అందులో భాగమే. నీ ఫోన్ దాన్ని చెరుపుతుంది.

సంపాదకురాలు: కవిత విషయంలో ఒప్పుకుంటాను. కథకు, వ్యాసానికి, నవలకు ఒప్పుకోను.

కంపోజర్: సరే, ఆ వాదన ఉండనీ. పాత ఫైళ్లలో ముందు ఏది తీయమంటావు? పేరున్న పుస్తకాలా?

సంపాదకురాలు: పేరున్నవి మళ్లీ మళ్లీ అచ్చవుతాయి, ఎవరో ఒకరు కొడతారు. ఒకే ముద్రణతో ఆగిపోయినవి తీయండి. వాటిలోనూ రచయిత చనిపోయినవి ముందు. బతికున్నవాళ్లు సందేహం వస్తే చెప్పగలరు. చనిపోయినవాళ్ల మాటకు మీ హార్డ్‌డిస్కే ఆధారం.

కంపోజర్: అయితే కథల సంపుటాలతో మొదలుపెడదాం. రేపు జాబితా రాసి పంపుతాను, పీడీఎఫ్ కాదు, యూనికోడ్‌లోనే. అందులో నువ్వే గుర్తుపెట్టు.